కాకిబంగారంలో రంగులెక్కడివి? నైరూప్య ఛాయాచిత్రాలపై చర్చ

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఛాయాగ్రాహకుడు, చిత్రలేఖన ఉపాధ్యాయిని, ఒంగోలు నుంచి వచ్చిన పెళ్లి ఆల్బమ్‌ల డిజైనర్.)

సమన్వయకర్త: నమస్కారం. తెరమీద కనిపిస్తున్న ఈ చిత్రంలో నీలం, ఊదా, నారింజ రంగుల ముక్కలు తప్ప మనం గుర్తుపట్టగల వస్తువేదీ లేదు. ఈ రంగులు ఎవరు వేశారు?

ఛాయాగ్రాహకుడు: ఎవరూ వేయలేదండీ. ఇది నెల్లూరు జిల్లా సైదాపురం ప్రాంతపు అభ్రకం (మైకా), పొరలుగా ఊడే ఖనిజం. పెద్దవాళ్లు కాకిబంగారం అనేవారు. ల్యాప్‌టాప్ తెరను పూర్తి తెలుపులో ఉంచి, లెన్స్‌కు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించి, తెర నల్లబడేదాకా ఆ ఫిల్టర్‌ను తిప్పాను. ఎల్‌సీడీ తెర కాంతి ఒకే దిశలో కంపిస్తుంది కాబట్టి ఫిల్టర్ దాన్ని ఆపేయగలదు. మధ్యలో అభ్రకం రేకు పెట్టినప్పుడు ఆ కాంతి రెండుగా చీలి, వేర్వేరు వేగాలతో రేకును దాటి, ఫిల్టర్ దగ్గర మళ్లీ కలిసేసరికి కొన్ని రంగులు అణిగిపోయి కొన్ని మిగులుతాయి. రేకును తిప్పితే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. గోటితో ఒక పొర ఊడదీస్తే రంగే మారుతుంది.

సమన్వయకర్త: అయితే ఎడిటింగ్ ఎందుకు?

డిజైనర్: రేకు ఏ కోణంలో ఉన్నా కొన్ని ముక్కలు వెలిగి కొన్ని చీకట్లోనే ఉండిపోతాయి. అందుకే గాజుపలక మీద ముక్కలు పేర్చి, పలకను 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఆరు ఫొటోలు తీయించాను. 90 డిగ్రీలు దాటితే మళ్లీ అదే వెలుగు వస్తుంది కాబట్టి ఆరు చాలు. ఒక్కో ఫొటోను అంతే కోణం వెనక్కి తిప్పి, ఒకదానిమీద ఒకటి పరచి, పై పొరలను లైటెన్ మోడ్‌లో పెట్టాను. ప్రతి చోటా ఎక్కువ వెలుగున్నదే నిలుస్తుంది.

ఛాయాగ్రాహకుడు: నా అభ్యంతరం అక్కడేనండీ. అన్ని ముక్కలూ ఒకేసారి వెలిగిన క్షణం అసలు లేనేలేదు.

ఉపాధ్యాయిని: లేకపోతే మాత్రం ఏం? ఆల్విన్ లాంగ్‌డన్ కోబర్న్ అనే ఛాయాగ్రాహకుడు 1917లోనే మూడు అద్దాలను బిగించి, వాటి ద్వారా చెక్కముక్కలను, స్ఫటికాలను ఫొటో తీశాడు. మాన్ రే అనే కళాకారుడు 1920లలో కెమెరాయే లేకుండా, ఫొటో కాగితం మీద వస్తువులను పెట్టి వెలుతురు తగిలించాడు. అవీ కంటికి ముందుగా కనిపించిన దృశ్యాలు కావు. ముంగిట్లో మెలికల ముగ్గు చూసి ఇదేమిటని మనలో ఎవరూ అడగరు. ఫొటో అనగానే మాత్రం అందులో ఎవరున్నారని వెతుకుతాం.

డిజైనర్: అయినా హద్దు దాటిన సందర్భం నాకూ ఉంది. మొదటి ప్రతిలో సాచురేషన్, అంటే రంగుల గాఢత, బాగా పెంచాను, తెరమీద ఊదారంగు మెరిసిపోయింది. ప్రింట్ తీయిస్తే అది మసకబారి బూడిదలా వచ్చింది. తెర చూపగలిగే రంగులన్నీ సిరా చూపలేదు. పెళ్లి ఆల్బమ్‌లలో ఏళ్ల తరబడి అదే స్లైడర్ లాగి లాగి చెయ్యి అలవాటుపడిపోయింది, అంతే. ఇప్పుడు సాచురేషన్ ముట్టుకోను, కెమెరా మార్పుల్లేకుండా దాచే రా (RAW) ఫైల్‌లో, తెలుపు తెల్లగానే కనిపించేలా వైట్ బ్యాలెన్స్ ఒక్కటే సరిచేస్తాను.

సమన్వయకర్త: ఇంట్లో ఫోన్ తప్ప ఏమీ లేనివారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఛాయాగ్రాహకుడు: చీమకుర్తి గ్రానైట్‌తో. ఆ నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. చాలా ఇళ్లలో వంటగట్టు మీద ఆ రాయే ఉంటుంది. గదిలో దీపాలార్పి, పక్కనుంచి ఒక టార్చ్ వేసి, ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్‌ను అర సెకను దగ్గర పెట్టి, నొక్కుతూనే ఫోన్‌ను మెల్లగా జరపండి. చుక్కలు గీతలవుతాయి. పదింటిలో తొమ్మిది పనికిరావు, నాకూ అంతే.

ఉపాధ్యాయిని: ఇక ఈ అభ్రకం చిత్రాన్ని ప్రదర్శిస్తే కింద ఏం రాస్తారు?

ఛాయాగ్రాహకుడు: ఆరు ఫొటోల కలయిక అని రాయాలి. అది లేకుండా నా పేరు పెట్టొద్దు.

డిజైనర్: అది రాస్తాను. అభ్రకం అని మాత్రం రాయను. ఆ మాట చదవగానే చూసేవాళ్లు బొమ్మను వదిలేసి రాయిని వెతుక్కుంటారు.

ఛాయాగ్రాహకుడు: సైదాపురం వాళ్లు మీరు రాయకపోయినా గుర్తుపడతారండీ.