అప్ అంటే పైకి ఒక్కటే కాదు

ఇంగ్లిష్‌లో క్రియ పక్కన అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఫ్రేజల్ వెర్బ్స్ ఎలా నేర్చుకోవాలని ఎవరిని అడిగినా ఒకటే సలహా, ఇదిగో లిస్ట్, బట్టీ పట్టండి అని. ఈ మాట వింటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. ఎందుకంటే తెలుగు మాట్లాడేవాళ్లకి ఇందులో సగం కిటుకు ముందే వచ్చు, రోజూ వాడుతూనే ఉంటాం.

[తెల్ల కాగితం కెమెరా దగ్గరికి తెచ్చి]

అంచున ఒక వేలెడు చింపుతున్నా, చూడండి. చిన్న చీలిక పడింది అంతే, దీని మీద ఇంకా రాసుకోవచ్చు. ఐ టోర్ ద పేపర్. చింపాను. ఇప్పుడు చూడండి... [ముక్కలు చేస్తూ] ఐ టోర్ ఇట్ అప్. దీన్ని మనం ఏమంటాం? చింపేశాను! చివర ఆ 'ఏశా' ఉంది చూశారూ, ఇక్కడ అప్ చేసే పని అదే. ఇక మిగల్లేదు, పని పూర్తయిపోయింది అని చెప్పడం. చింపేశాను అన్నప్పుడు మనం దేన్నీ ఎక్కడా వేయలేదు, టోర్ అప్ అన్నప్పుడు కాగితం పైకీ పోలేదు. యూజ్ అప్ అంటే వాడేయడం, డ్రింక్ అప్ అంటే తాగేయడం, గివ్ అప్ అంటే వదిలేయడం. అప్ ప్రతిచోటా ఇలాగే ఉండదు, బ్రింగ్ అప్ అంటే పిల్లల్ని పెంచడం, అక్కడ ఈ తోక అతకదు. కానీ చాలాచోట్ల అతుకుతుంది, అందుకే నాకు ఇదంటే ఇంత ఇష్టం.

ఇంకో కాగితం. ఈసారి మూల చింపి పక్కన పెట్టా. టేర్ ఆఫ్. ఆఫ్ వచ్చిందంటే ఏదో వేరైపోయిందని. కట్ ఆఫ్ కూడా అంతే. మరి పుట్ ఆఫ్? పనిని ఈ రోజు నుంచి ఇలా మూల చింపినట్టు చింపి ఇంకో రోజు పక్కన పెట్టడం, అంటే వాయిదా. కాల్ ఆఫ్ అంటే మాత్రం రద్దు, ఆ మీటింగ్ ఇక జరగదు. ఈ రెండూ కలిపేస్తే పెద్ద తేడా వస్తుంది, జాగ్రత్త.

వీటితో తికమక పడేది మనమొక్కళ్లమే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే రాశాడు, విదేశీయులకి అన్నిటికంటే కష్టమయ్యేది క్రియ పక్కన చేరే ఈ చిన్న మాటలేనని.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. టేర్ అప్ ద పేపర్ అనొచ్చు, టేర్ ద పేపర్ అప్ అనొచ్చు, కానీ 'ఇట్' వస్తే మధ్యలోనే రావాలి, టేర్ ఇట్ అప్. టేర్ అప్ ఇట్ తప్పు. లుక్ ఆఫ్టర్‌ని మాత్రం విడదీయకూడదు, లుక్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. కోప్ అప్ విత్ అని చాలామంది అంటారు, అక్కడ అప్ లేనే లేదు, కోప్ విత్ అంతే. ఇక ఈమెయిల్ చివర రాసేది, లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ, మీట్ యూ కాదు, ఆ 'టు' తర్వాత ఇంగ్ రావాల్సిందే.