గుర్రుమనే పెద్ద కుక్కతో మొదటి రోజులు

నమస్తే అండీ. నా వెనక వరండాలో కాళ్లు చాపుకుని పడుకున్నాడే, వీడు రాట్‌వైలర్. 42 కిలోలు. పాత ఇంట్లో పేరు టైగర్, మా ఇంట్లో పప్పు. నవ్వకండి, పేరు ఊరికే మార్చలేదు. "టైగర్" అని పిలిస్తే చాలు, చెవులు వెనక్కి వాల్చేసి నేలకు అంటుకుపోయేవాడు. ఆ పిలుపు వెనకాల ఏం వచ్చేదో వాడికే తెలియాలి.

మూడేళ్లు గేటు పక్కన గొలుసుతో కట్టేసి పెంచారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది కదా, అందులో రాట్‌వైలర్ కూడా ఉంది. ఓనర్‌కి టెన్షన్ పట్టుకుంది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది గానీ, ఆ రెండో వార్త ఎవరు చూస్తారు! "మీరు తీసుకెళ్లకపోతే ఎక్కడో వదిలేస్తాం" అని నాకు ఫోన్ వచ్చింది. మంచి ఇల్లు దొరికేదాకా నా దగ్గరే ఉంచుకుందామని తెచ్చుకున్నాను.

ట్రైనింగ్ అనగానే అందరూ సిట్, స్టే అనుకుంటారు. నేను ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. తల మీద చెయ్యి వేస్తే కరుస్తాడని చెప్పి ఇచ్చారు. చూస్తే రెండు చెవుల్లోనూ చీము. మీకు చెవిపోటు ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి చెవి నలిపితే మీరు మాత్రం ఊరుకుంటారా? చెవులు, పళ్లు, తుంటి కీళ్లు చూపించండి, పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి. ఆ తర్వాతే కుక్క గుణం గురించి మాట్లాడుకుందాం.

మొదటి రెండు వారాలు ఏమీ చేయకండి. ఒక గది, నీళ్లు, రోజూ ఒకే టైముకి తిండి, బయటికి తీసుకెళ్లి తీసుకురావడం, అంతే. స్నానం వద్దు, చుట్టాలకి చూపించడాలు వద్దు, వాటేసుకుని సెల్ఫీలు అసలే వద్దు. మా అత్తయ్యగారైతే "కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యలేదే" అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. కుక్క గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. గుర్రుమనడం అంటే "దగ్గరికి రాకు, నాకు భయంగా ఉంది" అని నోటితో చెప్పడం. కొట్టి ఆ నోరు మూయిస్తే భయం ఎక్కడికీ పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. తర్వాత చెప్పకుండా కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచిందండీ" అంటారే, అందులో చాలా కుక్కలు ఒకప్పుడు గుర్రుమని దెబ్బలు తిన్నవే.

గుర్రుమనే లోపే ఇంకా చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదాలు నాక్కోవడం, తల పక్కకి తిప్పి కంటి కొసలోంచి చూడటం, అప్పుడు తెల్లగుడ్డు కనిపిస్తుంది. వీటన్నిటికంటే నేను ఎక్కువ భయపడేది, ఒళ్లంతా బిగబట్టి కదలకుండా నిలబడిపోయినప్పుడు. అప్పుడు మెల్లగా పక్కకి తిరిగి వెనక్కి వచ్చేయండి.

గిన్నె దగ్గర పని చూపిస్తాను, కెమెరా కాస్త దగ్గరికి తెస్తున్నాం. పప్పు తింటున్నాడు. నేను ఎనిమిది అడుగుల దూరంలో నడుస్తూ, గిన్నె పక్కన పడేలా ఉడికించిన చికెన్ ముక్క వేసి, ఆగకుండా వెళ్లిపోతున్నాను. చూశారా, మళ్లీ గిన్నెలో మూతి పెట్టాడు, మెడ వదులుగానే ఉంది. రోజుకి అరడుగు దగ్గరికి జరగండి, అంతకన్నా వద్దు. నేను ఆరో రోజున తొందరపడి మూడడుగుల దాకా వెళ్లాను. నమలడం ఆపేసి బిగుసుకుపోయాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, తప్పు నాదే. మూడు వారాలు దాటాక ఒకరోజు నేను కనపడగానే గిన్నెలోంచి తలెత్తి, చికెన్ ఏదీ అన్నట్టు చూశాడు. ఆ చూపు కోసమే ఇదంతా. గిన్నెలో చెయ్యి పెట్టి "నేనే బాస్" అని చూపించుకోవడం ఎందుకండీ, మీరు తినేటప్పుడు కంచం లాక్కుంటే ఎలా ఉంటుంది?

మూతికి బుట్టలాంటి మజిల్ కొనండి. లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. గుడ్డతో బిగించేవి మన ఎండల్లో ప్రాణం మీదికి తెస్తాయి. లోపల కాస్త పెరుగు రాసి పట్టుకోండి, వాడే మూతి పెట్టాలి. బెల్టు బిగించడం చాలా రోజుల తర్వాతి మాట.

జాతిని చూసి తీర్పు చెప్పేవాళ్లకి ఒకటి చెప్తాను. 2007లో అమెరికాలోని వర్జీనియాలో ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ దగ్గర, కుక్కల పోట్లాట పందేలకు వాడే పిట్‌బుల్ జాతి కుక్కలు దొరికాయి. అన్నిటినీ చంపేస్తారనే అనుకున్నారు. నిపుణులు ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తే, దూకుడు కారణంగా చంపాల్సి వచ్చింది ఒక్కదాన్నే. 22 కుక్కలు యూటా రాష్ట్రంలోని బెస్ట్ ఫ్రెండ్స్ అనే జంతువుల ఆశ్రమానికి వెళ్లాయి.

అలాగని అన్నీ మారతాయని నేను చెప్పను. లోతుగా, మళ్లీ మళ్లీ కరిచిన కుక్క అయితే ఈ వీడియో చూసి మొదలుపెట్టకండి, తెలిసిన ట్రైనర్ పక్కనుండాలి. ఎవరినైనా కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కుళాయి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

కొత్త ఇంటికి ఇచ్చేటప్పుడు ఏదీ దాచకండి. పప్పు కోసం ఫామ్‌హౌస్ కాపలాకని ఒకాయన అడిగారు. మళ్లీ గొలుసేగా, కుదరదన్నాను. ఈ ఆదివారం చిన్నపిల్లలు లేని ఒక జంట వస్తున్నారు, రెండు వారాలు ట్రయల్‌గా ఉంచుకుంటారు. వాళ్లకివ్వడానికి నిన్న రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాశాను. మొదటి లైను: "చెవులు తాకే ముందు పేరు పెట్టి పిలవండి. పేరు పప్పు."