లావా కింద పోయిన ఊళ్ళు, మన మంచినీళ్ళ చెరువు, చిన్న గ్రాంటు

అందరికీ నమస్కారమండీ. తుఫాన్ల సీజన్ మొదలవ్వకముందే ఊరికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పమని లైబ్రరీ కమిటీ వాళ్ళు అడిగారు. నేను అగ్నిపర్వతం గురించి చెప్తానన్నాను. డ్వాక్రా చెల్లెమ్మలు ఇద్దరు ముగ్గురు "కోనసీమలో అగ్నిపర్వతం ఏంటి అన్నయ్యగారూ" అన్నారు, అడగాల్సిన మాటే. కానీ నిప్పంటే మనకి తెలియనిది కాదు కదా, 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది, ఇళ్ళొదిలి వెళ్ళినవాళ్ళు ఇవాళ ఈ హాల్లోనే ఉండి ఉంటారు. ఇంకో మాట కూడా ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులోనూ, గోదావరి అవతల గౌరీపట్నం, దుద్దుకూరు వైపూ క్వారీల్లో నల్లరాయి తీస్తారు చూశారా, అది చల్లారిన లావానే. దగ్గర దగ్గర 6 కోట్ల 50 లక్షల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు పుట్టి, వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందని సైంటిస్టులు చెప్తారు. మనం రోడ్డేసుకునే కంకర, స్లాబులో పోసుకునే చిప్స్ అదే.

సరే, అసలు సంగతి. 2018 మే 3న అమెరికాలోని హవాయి పెద్ద దీవిలో కిలావేయా అనే అగ్నిపర్వతం పక్కన, లెయిలాని ఎస్టేట్స్ అనే కాలనీలో జనం కాపురాలుంటున్న చోటే నేల చీలి లావా పైకొచ్చింది, మొత్తం 24 చోట్ల అలా చీలింది, ఆగస్టు దాకా పారి 700 పైగా ఇళ్ళు తినేసి, కపోహో దగ్గర సముద్రపొడ్డు కాలనీల్ని కూడా కప్పేసింది. మనకి వరదొస్తే పోతుంది, ఒండ్రు ఎత్తిపోసుకుని అదే అరుగు మీద మళ్ళీ గోడ లేపుకుంటాం. అక్కడ అరుగే లేదు, స్థలమే లేదు, కొన్నిచోట్ల రెండు మూడు అంతస్తుల ఎత్తు రాయి పడుంది, తన ఇల్లు ఎక్కడుండేదో చూపించడానికి కూడా గుర్తు మిగల్లేదు. అలాంటి చోట ఊరు మళ్ళీ ఊరవ్వాలంటే డబ్బు ఎలా రావాలి, ఎవరి చేతికి రావాలి, ఇది తెలుసుకోవాలనే నేను రెండేళ్ళుగా వాళ్ళ సంగతులన్నీ చదువుతున్నాను.

అక్కడ ముందు కదిలింది సర్కారు కాదండీ. పహోవా అనే చిన్న టౌన్లో ఆ చుట్టుపక్కల జనమే రోడ్డు పక్క ఖాళీ స్థలంలో టెంట్లేసి తిండీ బట్టలూ సామాన్లూ పంచడం మొదలెట్టారు. దానికి వాళ్ళ భాషలో పూఉహోనువా ఓ పూనా అని పేరు పెట్టుకున్నారు, పూనా అనేది ఆ ప్రాంతం పేరు, పూఉహోనువా అంటే తలదాచుకునే చోటు. హవాయి కమ్యూనిటీ ఫౌండేషన్ అని ఒకటుంది, అది అదే నెలలో లావా బాధితుల కోసం విడిగా ఒక రికవరీ ఫండ్ తెరిచి, అక్కడ పనిచేస్తున్న చిన్న చిన్న సంస్థలకి గ్రాంట్లిచ్చింది. తరవాత కౌంటీ కూడా, అంటే మన జిల్లా పరిషత్తు లాంటిదనుకోండి, పూనా సంఘాలకి రికవరీ గ్రాంట్లు ఇచ్చింది.

పెద్ద డబ్బు రాలేదని కాదు, వచ్చింది. రాష్ట్రం 2019లో 6 కోట్ల డాలర్లు ఇచ్చింది, కొంత అప్పుగా కొంత గ్రాంటుగా, కేంద్రం నుంచి ఇళ్ళ కోసం 10 కోట్ల డాలర్ల పైన వచ్చింది. కానీ ఆ కేంద్రం డబ్బుతో పాడైన స్థలాలు, ఇళ్ళు కొనే స్కీముకి దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది 2021లో, అప్పటికి మూడేళ్ళు! మూడేళ్ళు ఒక కుటుంబం చుట్టాల వరండాలో ఉండగలదా, పిల్లల బడి ఏం కాను, ఆ మధ్యలో పడిపోకుండా పట్టుకున్నది ఆ చిన్న డబ్బే. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదొక్కటే. నష్టపరిహారం మనిషికి వస్తుంది, ఊరికి రాదు. ఊరికి రావాల్సింది చిన్న గ్రాంటు, తొందరగా, ఆ ఊరివాళ్ళ చేతికే.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఇక్కడ పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అప్పుడు నేను సొసైటీలో గుమస్తాని, పడిన కొబ్బరిచెట్టుకి ఇంత, ఇంటికి ఇంత, గేదెకి ఇంత అని నష్టపరిహారం లిస్టులు రాసింది ఈ చేతులే. చెట్లున్నాయన పేరు లిస్టులో ఉంది, ఆ చెట్లెక్కి దింపు తీసేవాడి పేరు లేదు, కాయ వలిచేవాడి పేరు లేదు, పీచు తీసి తాడు పేనే ఆడమనిషి పేరు లేదు. మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు పడుతుంది, అన్నాళ్ళూ వీళ్ళేం తినాలి అనేదానికి ఆ కాగితంలో కాలమ్ లేదు. మా వీధిలోనే నాలుగు కుటుంబాలు హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ పనికని వెళ్ళిపోయాయి, ఇప్పటికీ పండక్కి వస్తారు, అంతే.

అదే తుఫానులో మా అత్తవారి ఊళ్ళో, అది సముద్రానికి బాగా దగ్గర, ఉప్పెన నీళ్ళు మంచినీళ్ళ చెరువులో కలిసిపోయాయి, చెరువు నిండా కొబ్బరిమట్టలు, చచ్చిన గొడ్లు. ట్యాంకర్ నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చేవి. ఒక చిన్న సంస్థ వాళ్ళు వచ్చి, ఆ ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, మీకు ముందు ఏం కావాలి అని అడిగి, 25 వేలు చేతిలో పెట్టి వెళ్ళారు. ఎస్టిమేట్ అడగలేదు, ఒక నోటు పుస్తకం ఇచ్చి ఏది ఖర్చయితే అది రాయమన్నారు. ఆడవాళ్ళు ఆయిల్ ఇంజన్లు అద్దెకి తెప్పించారు, డీజిల్ పోయించారు, పగలూ రాత్రీ చెరువు తోడించి అడుగు కడిగించారు, మళ్ళీ కాలవ నీళ్ళు పెట్టించారు. ఆ పనికి కూలీలుగా పెట్టుకున్నది ఎవర్ననుకున్నారు, దింపు కార్మికుల్నే, ఆ లిస్టులో పేరు లేనివాళ్ళనే. ఆ ఊరు నుంచి అప్పుడు పెద్దగా ఎవరూ కదల్లేదు. నీళ్ళుంటే మనిషి ఉంటాడు.

పూనాలో కూడా నీళ్ళ గొడవ ఉంది, అక్కడ చాలా ఇళ్ళకి పైపులైన్లు లేవు, డాబా మీద పడ్డ వాన నీళ్ళు ట్యాంకుల్లో పట్టుకుని వాడుకుంటారు, బూడిదా గంధకం పొగా ఆ నీళ్ళలో కలిస్తే ఏం తాగుతారు?

ఇంకో పోలిక నన్ను బాగా కదిలించింది. పూనాలో భూమి చవక, లావా భయం ఉన్నచోటు కాబట్టి. అందుకని బీదా బిక్కీ అక్కడ కొనుక్కుని పర్మిషన్లు లేకుండా కట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, అలాంటివాళ్ళు సాయానికి వెళ్తే కాగితాల దగ్గర ఇబ్బంది. మన లంకల్లో చూడండి, మన కౌలు రైతుల్ని చూడండి, చేను మునిగింది కౌలుదారుడిది, అడంగల్లో పేరు భూమి ఉన్నాయనది. కాగితం లేనివాడికే నష్టం ఎక్కువ, సాయం తక్కువ. ఊరివాళ్ళే కూర్చుని నిర్ణయించే గ్రాంటైతే ఎవరి చేను మునిగిందో కాగితం చూసి చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

మత్స్యకార సోదరులు ఉన్నారు కాబట్టి ఐస్‌లాండ్ సంగతి ఒక్కటి చెప్తాను. 1973 జనవరిలో హెయిమాయె అనే దీవిలో అర్ధరాత్రి నేల చీలితే, 5 వేల పైగా జనాన్ని చాలావరకు చేపల పడవల్లోనే రాత్రికి రాత్రి దాటించారు. 400 దాకా ఇళ్ళు పోయాయి. కానీ లావా రేవు నోరు మూసేసేలా వస్తుంటే నెలల తరబడి సముద్రపు నీళ్ళు పంపులతో కొట్టి దాన్ని చల్లబరిచారు, రేవు దక్కింది. రేవు దక్కింది కాబట్టి జనంలో ఎక్కువమంది వెనక్కొచ్చారు. దేశం మొత్తం మీద పన్నేసి ఒక విపత్తు నిధి పెట్టారు, దాని అనుభవంతోనే 1975లో ఇళ్ళన్నిటికీ తప్పనిసరి విపత్తు ఇన్సూరెన్స్ తెచ్చారు.

గ్రాంటు అన్నంత మాత్రాన అన్నీ మంచివి కావండీ. 2006 వరదల తరవాత నాకు తెలిసిన ఒక డ్వాక్రా సంఘానికి, ముందు మీరు ఖర్చు పెట్టుకోండి బిల్లులు పెడితే ఇస్తాం అన్నారు, వాళ్ళు నమ్మి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పని చేశారు, బిల్లు చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, వచ్చిన డబ్బులో ఎంత వడ్డీకే పోయిందో మీరే లెక్కేసుకోండి. అమెరికాలో కూడా రోడ్లకీ, పబ్లిక్ ఆస్తులకీ కేంద్రం ఇచ్చేది ముందు ఖర్చు పెట్టాకే, దాంట్లో మామూలుగా 75 శాతం. కౌంటీ అయితే తట్టుకుంటుంది, పదిమంది ఆడవాళ్ళ సంఘం ఎలా తట్టుకుంటుంది? అందుకని చిన్న గ్రాంటు ముందే చేతికి రావాలి, సగమైనా సరే. దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. ఎవరికి ఇచ్చారో ఎంత ఇచ్చారో పంచాయతీ బోర్డు మీద రాసి పెట్టాలి, మన దగ్గర గొడవలన్నీ డబ్బు తక్కువై కాదు, ఎవరికెంతో తెలియక వస్తాయి.

డబ్బు ఎక్కడుంది అంటారా. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 26 దాకా రాష్ట్రాల విపత్తు నిధిని విడగొట్టి చెప్పింది, తక్షణ సాయానికి 40 శాతం, రికవరీకీ పునర్నిర్మాణానికీ 30, సన్నద్ధతకి 10, ముప్పు తగ్గించే పనులకి 20. అలా రికవరీకి ఇచ్చే డబ్బులో ఊరి సంఘాలకి చిన్న గ్రాంట్లని ఒక వాటా పెట్టమని మన గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపాలి. ఒక్క ఊరు పంపితే ఫైల్లో ఉంటుంది, ఏటిగట్టు పొడవునా ఊళ్ళన్నీ పంపితే మాట్లాడక తప్పదు. ప్రెసిడెంటు గారు ఇక్కడే ఉన్నారు, వచ్చే గ్రామసభ అజెండాలో ఇది పెట్టమని అందరి ముందూ అడుగుతున్నాను.

అది వచ్చేదాకా ఊరుకోవద్దని కమిటీతో మాట్లాడి లైబ్రరీ పేరు మీద ఒక ఖాతా తెరిచాం, ముగ్గురు సంతకం పెడితేగానీ డబ్బు బయటికి రాదు, ముగ్గురిలో ఇద్దరు డ్వాక్రావాళ్ళు. నా పెన్షన్లోంచి 10 వేలు మొదటగా వేశాను. దింపు కార్మికులూ, ఏరు దాటించే పంటు మీద పనిచేసేవాళ్ళూ, కౌలు చేసేవాళ్ళూ, మీ సంఘానికి తుఫాను తెల్లారే ముందుగా ఏం కావాల్సొస్తుందో ఇప్పుడే రాసివ్వండి, తాడా, ఇంజనా, టార్పాలినా. ఫారాలు కిటికీ పక్క బల్ల మీద ఉన్నాయి. రాయడం కుదరనివాళ్ళు నోటితో చెప్పండి, మన ఇంటర్ పిల్లలు రాసిపెడతారు, తొమ్మిదింటిదాకా ఇక్కడే ఉంటారు.