ఫిరంగి గుండులో రేడియో

అందరికీ నమస్కారం.

ఫిరంగి గుండు అనగానే మనం అడిగేది అందులో మందెంత, అది ఎంత దూరం పోతుంది అనే. ఎప్పుడు పేలాలో తేల్చేది మాత్రం గుండు ముక్కుకు బిగించే ఫ్యూజు. మీటరు పక్కనుండే ఫ్యూజుతో దీనికి సంబంధం లేదు.

దీనికి ఒకదానికొకటి పడని రెండు పనులున్నాయి. లారీలో కుదుపులు తిన్నా, చేతిలోంచి జారినా, ఫిరంగిలోకి తోసినా పేలకూడదు. గొట్టం దాటి వెళ్ళాక మాత్రం తప్పకుండా పేలాలి. మొదటిది తప్పితే చచ్చేది పేల్చినవాడే. అందుకే పేల్చినప్పటి అదురును, గుండు గిరగిరా తిరిగే వేగాన్ని ఆసరాగా తీసుకుని, అవి తగిలాకే లోపలి అడ్డు తొలిగేలా ఫ్యూజులు చేశారు. నా లెక్కన ఈ విద్యలో సగం తెలివి పేలకుండా ఆపడంలోనే ఉంది.

రెండో పని తప్పితే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర తెలిసింది. దాడికి ముందు బ్రిటిష్ సైన్యం వారం పాటు సుమారు 15 లక్షల గుండ్లు కురిపించింది. వాటిలో చాలా పేలనే లేదు. మరికొన్ని నేలలో దిగబడ్డాక పేలాయి. దాంతో జర్మన్ల కందకాల ముందున్న ముళ్ళకంచెలు చాలాచోట్ల తెగలేదు. జూలై 1న ఒక్కరోజే ఆ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఫ్యూజు వాటిలో ఒకటి. తర్వాత 106వ నంబరు ఫ్యూజు వచ్చింది. నేలను తాకీ తాకగానే పేలేది కాబట్టి కంచెలు తెగడం మొదలైంది. ఆనాడు పేలని గుండ్లు అక్కడి రైతుల నాగళ్ళకు ఇప్పటికీ తగులుతున్నాయి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. రెండో ప్రపంచ యుద్ధం నాటికి సమస్య ఆకాశానికి చేరింది. విమానానికి గుండు సూటిగా తగలడం అరుదు, అందుకే దగ్గర్లో పేలితే చాలనుకునేవాళ్ళు. ఎన్ని సెకన్ల తర్వాత పేలాలో ముందే లెక్కగట్టి ఫ్యూజు తిప్పి పెట్టేవాళ్ళు. విమానం కాస్త పక్కకు తిరిగిందంటే లెక్కంతా గోవిందా. ఒక్క విమానాన్ని కూల్చడానికి వేలాది గుండ్లు ఖర్చయ్యేవి.

గుండుకే చూపు ఉంటే? ఇంగ్లండ్‌లో బ్యూట్‌మెంట్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన ఆలోచన ఇది. గుండులో చిన్న రేడియో పెడతారు. అది పంపిన తరంగాలు విమానానికి తగిలి తిరిగి వస్తాయి. దగ్గరికొచ్చే రైలు కూత స్థాయి మారినట్టే ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. ఆ తేడాను బట్టి గుండు పేలుతుంది. కాగితం మీద చక్కగానే ఉంది. ఇక్కడున్న పెద్దవాళ్ళకు, ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాలతో, అంటే వాల్వులతో, పనిచేసిన వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. బల్లకు చెయ్యి తగిలితేనే గరగరలాడేది. అలాంటి గాజు వాల్వును ఫిరంగిలో పెట్టి పేలిస్తే దాని మీద పడే బలం భూమ్యాకర్షణకు దాదాపు 20,000 రెట్లు. పైగా సెకనుకు కొన్ని వందల చుట్లు తిరగాలి.

1940 సెప్టెంబరులో బ్రిటన్ పంపిన శాస్త్రవేత్తల బృందం, టిజార్డ్ బృందం, ఈ రహస్యాన్ని అమెరికాకు అందించింది. అప్పటికే అక్కడ మెర్ల్ ట్యూవ్ నడిపిస్తున్న బృందం ఇదే పనిలో ఉంది. ఆ పని పెరిగి 1942లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ ప్రయోగశాల అయ్యింది. మొదట్లో దాని చిరునామా సిల్వర్ స్ప్రింగ్‌లో పాత కార్లు అమ్మే గ్యారేజీ. వినికిడి యంత్రాల కోసం చేసిన బుల్లి వాల్వులు తెచ్చి, ఫిరంగిలో పేల్చి, ముక్కలు ఏరుకుని, ఎక్కడ విరిగిందో చూసి మళ్ళీ చేశారు. వాల్వులకు గట్టిదనం తెచ్చినవాళ్ళలో జేమ్స్ వాన్ అలెన్ ఒకరు. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలకు తర్వాత పెట్టింది ఆయన పేరే.

బ్యాటరీ ఇంకో తలనొప్పి. గోదాములో నెలల తరబడి పడుంటే అది చచ్చిపోతుంది. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. ద్రవాన్ని వేరే గాజు బుడ్డిలో ఉంచారు. పేల్చిన దెబ్బకు బుడ్డి పగిలి, గుండు తిరిగే వేగానికి ద్రవం పలకల మధ్యకు చేరి, అప్పుడు కరెంటు పుడుతుంది. ఏ అదురు చూసి భయపడ్డారో దానికే పని అప్పజెప్పారన్నమాట.

1942 ఆగస్టులో అమెరికా యుద్ధనౌక క్లీవ్‌లాండ్ మీంచి ఈ ఫ్యూజును పరీక్షించారు. గురిగా ఎగరేసిన మనిషి లేని విమానాలన్నీ తొందరగా కూలిపోయి, పరీక్షకు ఇంకేమీ మిగల్లేదు. 1943 జనవరి 5న పసిఫిక్‌లో హెలెనా నౌక దీనితో మొదటి జపాన్ విమానాన్ని కూల్చింది. చాలాకాలం సముద్రం మీదే వాడారు. నేల మీద పేలకుండా పడితే శత్రువు విప్పి చూసుకుంటాడని భయం! 1944 వేసవిలో లండన్ మీదికి జర్మనీ పంపే వి-1 బాంబుల మీద, అంటే పైలట్ లేకుండా ఎగిరి వచ్చే బాంబుల మీద, వాడారు. రాడార్, లెక్కలు చేసే యంత్రం, ఈ ఫ్యూజు మూడూ కలవడంతో ఆగస్టు చివరికి వాటిలో ఎక్కువ భాగం తీరం దగ్గరే కూలిపోయాయి.

ఇంతవరకూ ఈ కథ మురిపెంగా చెబుతాను. ఆ డిసెంబరులో బెల్జియం వైపున్న ఆర్డెన్స్ అడవుల్లో దాన్ని జర్మన్ సైనికుల మీద వాడారు. నేలకు కొంత ఎత్తులో పేలితే గుంటలో దాక్కున్నవాడికీ రక్షణ లేదు. ఊళ్ళను కాపాడిన వస్తువు అదే, ఇదీ అదే. రెండూ చెప్పకుండా ఒకటే చెప్పడం నాకు సబబనిపించదు.

యుద్ధం ముగిసేసరికి సుమారు 2 కోట్ల 20 లక్షల ఫ్యూజులు తయారయ్యాయి. 1942లో ఒక్కోటి 732 డాలర్లు, 1945కి 18 డాలర్లు. ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. తాము బిగిస్తున్నది ఏమిటో వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఎలక్ట్రానిక్ ఫ్యూజులు మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లోనూ తయారయ్యాయి. 2023 డిసెంబరులో రక్షణ శాఖ ఈ ఫ్యూజుల కోసం భారత్ ఎలక్ట్రానిక్స్‌తో పదేళ్ళకు 5,336 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. వాల్వులు పోయి చిప్పులు వచ్చాయి. పేలని గుండ్ల బెడద మాత్రం పోలేదు. క్లస్టర్ బాంబు అంటే గాల్లో విచ్చుకుని చిన్న బాంబులను చల్లేది. 1964 నుంచి 1973 వరకు లావోస్ మీద పడిన వాటిలోని చిన్న బాంబులు 27 కోట్లని అంచనా. వాటిలో 30 శాతం దాకా పేలలేదంటారు. అక్కడి పిల్లలు ఇప్పటికీ వాటిని బంతులనుకుని పట్టుకుంటున్నారు. ఈ బాంబులను నిషేధించే ఒప్పందం 2010లో అమల్లోకి వచ్చింది. అమెరికా, రష్యా, చైనాలతో పాటు మన దేశమూ దాని మీద సంతకం చేయలేదు. ఎందుకు చేయలేదో, చేయాలో వద్దో ఇప్పుడు మీరు అడగండి, మాట్లాడుకుందాం.