పాలు మానే వయసులో కుందేలు పిల్లలకు వచ్చే పారుడు: గుర్తించడం, కాపాడుకోవడం

కుందేళ్లు పెంచుతున్న రైతులకు, పశువైద్య కళాశాల నుంచి వచ్చిన చివరి సంవత్సరం విద్యార్థులకు నమస్కారం.

ఫారాల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. “డాక్టరుగారూ, పిల్లలకు పారుడు పట్టుకుంది, ఏ మందు వేయమంటారు?” దానికి నేను వెంటనే మందు పేరు చెప్పను, తల్లి ఏ తేదీన ఈనిందని అడుగుతాను. “నెల దాటి ఉంటుందండీ” అన్న జవాబు నాకు చాలదు. కుందేలు పిల్ల విషయంలో కొద్ది రోజుల తేడా రోగాన్నే మార్చేస్తుంది. 10వ రోజున పారుతున్న పిల్లకూ, 40వ రోజున పారుతున్న పిల్లకూ కారణాలు వేరు, చికిత్స వేరు, బతికే అవకాశమూ వేరు. పారుడన్నది రోగం పేరు కాదు, లోపల జరుగుతున్న చెడుకు బయటికి కనిపించే గుర్తు మాత్రమే. అందుకే ఈరోజు మందుల కంటే ముందు వయసు గురించి మాట్లాడతాను.

ఈ జీవి కడుపు ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపికగా వినండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. కుందేలు ఆవులా నెమరు వేయదు. పీచును పులియబెట్టే పని పేగుల వెనుక భాగంలో, సీకమ్ అనే పెద్ద తిత్తిలో జరుగుతుంది. జీర్ణనాళంలో ఉన్న పదార్థంలో దాదాపు 40 శాతం ఈ ఒక్క తిత్తిలోనే ఉంటుంది. అక్కడ కాపురముండే మంచి సూక్ష్మజీవులు తయారుచేసిన విటమిన్లు, మాంసకృత్తులు ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తని ఉండలుగా బయటికి వస్తాయి, వాటిని కుందేలు నోరు పెట్టి నేరుగా మలద్వారం దగ్గరే అందుకొని మింగేస్తుంది. ఈ ఉండలు తినకుండా వదిలేస్తే తోక కింద జిగటగా అంటుకుంటాయి, చాలామంది దాన్నే పారుడనుకొని మందు వేస్తారు. గట్టి పెంటికలు మామూలుగానే పడుతూ, పిల్ల హుషారుగా తింటూ ఉంటే అది పారుడు కాదు. దాణా ఎక్కువై పీచు తక్కువైందనో, ఒళ్లు పెరిగి వంగలేకపోతోందనో అర్థం. గట్టి పెంటికలు పూర్తిగా ఆగిపోయి, నీళ్లలాంటి మలం వెనుక కాళ్లను తడిపేస్తుంటే అప్పుడు నిజంగా ప్రమాదం వచ్చినట్టు.

తల్లి కుందేలు రోజుకు సాధారణంగా ఒక్కసారే, అదీ 3 నుంచి 5 నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. ఆ పాల నుంచి పిల్ల కడుపులో తయారయ్యే కొన్ని కొవ్వు ఆమ్లాలు హానికర సూక్ష్మజీవులను ఎదగనివ్వవు. పెద్ద కుందేలు జీర్ణాశయంలో పీహెచ్ (ఆమ్లం ఘాటును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 1 నుంచి 2 వరకు ఉంటుంది, అంత ఘాటైన ఆమ్లాన్ని దాటి సూక్ష్మజీవులు పేగుల్లోకి చేరడం కష్టం. పాలు తాగే పిల్ల జీర్ణాశయంలో అది 5 నుంచి 6.5 దాకా ఉంటుంది. 3వ వారంలో పిల్ల మేత కొరకడం మొదలుపెడుతుంది. పాల రక్షణ రోజురోజుకూ తగ్గుతూ, ఆమ్ల రక్షణ ఇంకా పూర్తిగా రాక, సీకమ్‌లో మంచి సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోక ఉన్న ఆ సందులోనే మనం తల్లిని వేరు చేస్తాం, దాణా మారుస్తాం, నాలుగు ఈతల పిల్లలను ఒకే బోనులో కలిపేస్తాం. ఒక్కోటి ఒక్కోసారి వస్తే పిల్ల తట్టుకోగలిగినవాటిని అన్నింటినీ ఒకే వారంలో దాని మీద మోపుతున్నామన్నమాట.

ఇక వయసును బట్టి చూద్దాం. మొదటి 2 వారాల్లో పసుపుపచ్చని పారుడు వచ్చి, పొట్ట కింది బొచ్చంతా తడిసి, ఈతలో ఉన్న పిల్లలన్నీ ఒకేసారి పడిపోతే మొదటి అనుమానం ఇ.కోలై అనే పేగు బ్యాక్టీరియా మీద. అప్పుడు పిల్లలతో పాటు తల్లిని కూడా తిప్పి చూడాలి. పొదుగు వేడిగా, గట్టిగా ఉందా, చనుమొనలు పుండు పడ్డాయా అన్నది తెలియాలి. పాలు తాగిన పిల్ల పొట్ట పలుచని చర్మం లోంచి తెల్లగా కనిపిస్తుంది. అలా కనిపించకుండా పొట్ట ముడతలు పడి ఉంటే అది ఆకలి, రోగం ఆ తర్వాత వచ్చినది.

4 నుంచి 8 వారాల మధ్య మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో, ముందుగా తలచుకోవలసింది కాక్సిడియోసిస్. దీన్ని కలిగించే ఐమీరియా జాతి పరాన్నజీవుల్లో మాగ్నా, ఇంటెస్టినాలిస్, ఫ్లావెసెన్స్ వంటివి పేగులను పట్టుకుంటాయి, స్టిడే అనేది కాలేయంలోని పిత్తనాళాలను పట్టుకుంటుంది. సూక్ష్మదర్శిని కింద 1674లో లేవెన్‌హుక్ అనే డచ్ పరిశీలకుడు కుందేలు పిత్తంలో చూసినవి ఈ స్టిడే ఊసిస్టులేనని, అంటే మలంతో బయటికి వచ్చి రోగాన్ని వ్యాపింపజేసే దాని గుడ్డులాంటి రూపాలేనని చెబుతారు. మనిషి కంటికి కనిపించిన తొలి ఏకకణ పరాన్నజీవుల్లో ఒకటైన ఇదే మూడు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా మన బోనుల్లో పిల్లలను చంపుతోంది. పేగుల రకం వస్తే పిల్ల బరువు పెరగదు, బొచ్చు మెరుపు పోతుంది, పెంటికలు మెత్తబడి తర్వాత నీళ్లవుతాయి. కాలేయం రకంలో పారుడు అంతగా లేకుండానే పొట్ట పెరిగి, వెన్నెముక చేతికి తగులుతూ, పిల్ల నెమ్మదిగా చిక్కిపోతుంది.

అదే వయసులో రాత్రి బాగా తిన్న పిల్ల తెల్లవారేసరికి పొట్ట ఉబ్బి, నీళ్లలా పారి చనిపోయి ఉంటే అది ఎక్కువసార్లు క్లాస్ట్రీడియం స్పైరోఫార్మే విషం. ఈ బ్యాక్టీరియా దానంతటది బలవంతురాలు కాదు, సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవులు చెదిరినప్పుడే దానికి చోటు దొరుకుతుంది. చెదరగొట్టేవి రెండు. ఒకటి, పిండిపదార్థం ఎక్కువగా, పీచు తక్కువగా ఉన్న దాణా. రెండోది నోటి ద్వారా ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్స్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫారంలో ముక్కు కారుతున్న పిల్లలకు నేను ఆంపిసిలిన్ నోటి ద్వారా ఇప్పించాను. ముక్కు తగ్గింది. నాలుగో రోజు ఉదయం ఆ రైతు భార్య బోను తలుపు తీసి, చనిపోయిన పిల్లలను ఒక్కొక్కటిగా గోనెపట్టా మీద పెడుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నేను వెళ్లిన ప్రతి చోటా చెబుతున్నాను: ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్, పెన్సిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకండి. మన ప్రాంతంలో కోళ్ల షెడ్డు నడిపినవాళ్లే కుందేళ్లలోకి వస్తున్నారు, కోళ్లకు వాడిన మందుల సీసాలు అలమరలోనే ఉంటాయి, చెయ్యి సహజంగా అటే పోతుంది. కోళ్ల దాణా విషయమూ అంతే. అందులో కాక్సిడియోసిస్ రాకుండా కలిపే నారసిన్ వంటి మందులు కోడికి పనికొచ్చినా కుందేలుకు విషం.

7వ వారం దాటాక వచ్చే మరో రకంలో పిల్ల ఒక మూల ముడుచుకు కూర్చొని పళ్లు కొరుకుతుంటుంది. ఎత్తి మెల్లగా కదిపితే పొట్టలో నీళ్లు కదిలిన చప్పుడవుతుంది, మలానికి బదులు జిగురులాంటి తెల్లని పదార్థం పడుతుంది. దీన్ని మ్యూకాయిడ్ ఎంటరోపతి అంటారు. పళ్లు కొరకడమంటే నొప్పి అని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి, ఆ నొప్పికి మందు ఇవ్వకపోతే పేగుల కదలిక తిరిగి రాదు.

ఇన్ని కారణాల్లో ఏదో తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల కోసం ఆగనక్కరలేదు. చనిపోయిన పిల్లను పారేయకండి, ఎంత త్వరగా కోసి చూస్తే అంత మంచిది. వేసవిలో కొన్ని గంటలు ఆలస్యమైతే పేగులు కుళ్లి ఏమీ తెలియదు. కాలేయం మీద మినపగింజంత తెలుపు, పసుపు పొక్కులు ఉంటే స్టిడే అన్న అనుమానం దాదాపు ఖాయం. ఒక పొక్కును కోసి, అందులోని పదార్థాన్ని గాజుపలక మీద రాసి చూస్తే ఊసిస్టులు గుంపులుగా కనిపిస్తాయి. సీకమ్ ఉబ్బి, గోడ మీద ఎర్రని చారలుండి, లోపల నీళ్లు, గాలి ఉంటే అందులోని ద్రవాన్ని బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే గ్రామ్ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. స్ప్రింగు చుట్టలా, అర్ధచంద్రాకారంలో నీలిరంగు కణాలు విపరీతంగా ఉంటే అది స్పైరోఫార్మే.

బతికున్న పిల్లల పెంటికలను ఉప్పునీటి పద్ధతిలో చూడాలి. వేడినీటిలో ఇక కరగనంత వరకు మామూలు ఉప్పు వేసి చల్లార్చి, అందులో రెండు మూడు పెంటికలు చిదిమి, టీ వడపోసే జల్లెడతో వడగట్టి, గాజుగొట్టంలో అంచు దాకా నింపాలి. పైన కవర్ గ్లాసు పెట్టి 20 నిమిషాలు ఆగితే ఊసిస్టులు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. ఇక్కడ ఇద్దరు ముగ్గురు విద్యార్థులైనా ప్రతి సంవత్సరం ఒక పొరపాటు చేస్తారు. కుందేలు పేగులో సహజంగా ఉండే సైనిక్లోమైసిస్ అనే ఈస్టు కూడా కోలగానే ఉంటుంది, దాన్ని చూసి ఊసిస్టనుకుంటారు. ఇంకో మాట. ఊసిస్టులు నాలుగు కనిపించినంత మాత్రాన ఆ పిల్ల జబ్బుకు అదే కారణమని చెప్పలేం, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుందేళ్లలోనూ అవి ఉంటాయి. ఒక్కటీ కనిపించకపోయినా రోగం లేదని చెప్పలేం, ఎందుకంటే పరాన్నజీవి పేగు గోడను తినేస్తున్న మొదటి రోజుల్లో ఊసిస్టులు ఇంకా బయటికి రావు. వయసు, లక్షణాలు, కోసి చూసినప్పుడు కనిపించినది, పెంటికల పరీక్ష, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొనే నిర్ణయానికి రావాలి.

చికిత్సలో మొదటి స్థానం నీటిదే. చాలా పిల్లలు సూక్ష్మజీవి వల్ల కంటే ముందు ఒంట్లో నీరు పోయి చనిపోతాయి. మెడ వెనుక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా అలాగే నిలబడితే ఆలస్యం చేయకూడదు. రింగర్ లాక్టేట్ సెలైన్‌ను ఒంటి వేడికి వచ్చేలా వెచ్చబెట్టి, భుజాల మధ్య చర్మం కింద ఇవ్వాలి. మామూలుగానే కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్ల దాకా నీరు అవసరం కాబట్టి, అరకిలో పిల్లకు 50 మిల్లీలీటర్లు, పారుడులో పోయినదానికి అదనంగా మరికొంత, రెండు మూడు సార్లుగా పంచి ఇస్తాం. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 38 కంటే పడిపోయిన పిల్లకు మందు కంటే ముందు వెచ్చదనం కావాలి. బోనులో ఒక మూలన బల్బు పెట్టి, వేడెక్కితే జరగడానికి రెండో మూలను వదిలిపెట్టండి. దాణా ఆపేసి ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. పొట్ట డోలులా బిగిసి ఉన్న పిల్ల నోట్లో ఏదీ బలవంతంగా పోయకండి, కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయినది వెనక్కి రాదు.

కాక్సిడియోసిస్ తేలితే సల్ఫా మందులు గానీ టోల్ట్రాజురిల్ గానీ డాక్టరు తూకం చూసి నిర్ణయించిన మోతాదులో, బోనులో ఉన్న పిల్లలన్నింటికీ ఇవ్వాలి. నీటిలో కలిపిన మందు జబ్బు పడి నీళ్లే తాగని పిల్లకు అందదు, దానికి విడిగా సిరంజితో చెంప పక్క నుంచి చుక్క చుక్కగా పోయాలి. మాంసానికి అమ్మే కుందేళ్లయితే మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలో అడిగి, ఆ గడువు దాటాకే అమ్మండి.

అయితే ఊసిస్టును బోనులో వదిలేసి మందులు ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం ఉండదు. పెంటికతో బయటికి వచ్చినప్పుడు అది ఇంకా రోగం అంటించలేదు. తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పక్వమై అంటించే శక్తి తెచ్చుకుంటుంది. రోజూ పెంటికలు ఎత్తేస్తే ఆ గొలుసు తెగుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ వంటివి దాన్ని చంపలేవు, మరిగే నీళ్లు గానీ ఫ్లేమ్ గన్ మంట గానీ చంపుతాయి. నీళ్లు తాగే నిపుల్ కారితే దాని కింద తడిసిన పీట ఒక్కటి చాలు షెడ్డంతా రోగం పాకడానికి. వానాకాలంలో నేను ఫారంలోకి అడుగుపెట్టగానే మొదట చూసేది ఆ నిపుల్ కిందనే.

మేత గురించి చెప్పకుండా ముగించలేను. పాలు మానే పిల్లల దాణాలో ముడి పీచు 14 శాతం కంటే తగ్గకూడదు. మొక్కజొన్న పెంచితే పిల్ల తొందరగా ఎదుగుతుందన్నది నిజమే, కానీ ఆ ఎదుగుదల చూడటానికి అది బతికి ఉండాలి. పాలు మాన్పించిన తర్వాత కొన్ని వారాలపాటు తిన్నంత వేయకుండా ఐదో వంతు తగ్గించి వేస్తే జీర్ణకోశ వ్యాధులతో చనిపోయే పిల్లలు తగ్గుతున్నాయని ఫ్రాన్స్‌లో జరిగిన పరిశోధనల్లో తేలింది. మనవాళ్లకు పిల్లను ఆకలితో ఉంచడం మనసొప్పదు, నాకు తెలుసు, అయినా గడ్డి నిండుగా వేసి దాణా కొంత తగ్గించడం ఆకలితో మాడ్చడం కాదు. పల్లి చెక్క వాడేవారు బూజు వాసన ఏమాత్రం తగిలినా ఆ బస్తా వాడకండి. అందులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి అన్ని జంతువుల్లోనూ తొందరగా లొంగిపోయేవాటిలో కుందేలు ఒకటి. మంచుతో తడిసిన పచ్చిమేతను ఆరబెట్టి వేయండి. దాణా మార్చవలసి వస్తే వారం పది రోజులు పాతదీ కొత్తదీ కలుపుతూ మార్చండి. తల్లిని వేరు చేసేటప్పుడు పిల్లలను కొత్త బోనుకు తీసుకెళ్లకుండా, తల్లినే తీసేసి పిల్లలను పుట్టిన బోనులోనే మరో వారం ఉంచండి.

ప్రతి బోనుకూ ఒక అట్టముక్క కట్టి, తల్లి ఈనిన తేదీ, పిల్లల సంఖ్య, వేరు చేసిన తేదీ రాసి ఉంచండి. మీరు ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగేది ఆ అట్టముక్క మీద ఉన్నదే. పక్క గదిలో సూక్ష్మదర్శినులు సిద్ధంగా ఉన్నాయి, ఉప్పునీళ్లు కలిపి పెట్టారు. మీరు మీ ఫారాల నుంచి తెచ్చిన పెంటికల పొట్లాల మీద పిల్లల వయసు రాసి పట్టుకొని రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.