ఆర్-టైప్ అన్యాయమా, మనం చూసే టీవీ అన్యాయమా? (ఫోన్-ఇన్)

యాంకర్: పాత అంతరిక్ష షూటర్ గేములు మరీ కఠినం, చంపడానికే చేశారు అంటుంటారు. ఆ తిట్లలో న్యాయమెంతో ఇవాళ మాట్లాడుకుందాం. మొదటి కాల్ వరంగల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. ఆర్-టైప్ మూడో స్టేజ్ కాడ ఇరుక్కపోయిన. ఆ పెద్ద యుద్ధనౌక చుట్టూ తుపాకులే. ఇది ఆటనా, డబ్బులు గుంజుడా?

నిపుణుడు: 1987లో ఐరెమ్ కంపెనీ దాన్ని నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్లకి చేసింది కాబట్టి నాణేల లెక్క ఉండనే ఉంటుంది. కానీ తమ్ముడూ, ఆ గేమ్ మోసం చెయ్యదు. శత్రువులు ప్రతిసారీ అదే చోట, అదే వరసలో వస్తారు. తెర దానంతటదే కదులుతుంది. అది కంటిచురుకు పరీక్ష కాదు, పద్యం కంఠతా పట్టడం లాంటిది. మీ నౌకకి తగిలించుకునే గోళం ఉంటుందే, ఫోర్స్, దాన్ని ఎటు పెడుతున్నారు?

కాలర్: ఎప్పుడూ ముందటే.

నిపుణుడు: అక్కడే చిక్కు. ఆ గుండ్రటి ఫోర్స్‌ని ఏదీ పగలగొట్టలేదు. మామూలు తూటాల్ని మింగేస్తుంది, శత్రువుకు తగిలితే దెబ్బ కూడా వేస్తుంది. దాన్ని ముందుకు వదిలి మీరు దూరంగా ఉండొచ్చు, వెనకాల తగిలించుకోనూ వచ్చు. మూడో స్టేజ్ మొదట్లో సేవ్ స్టేట్ పెట్టుకోండి, అంటే ఆటని అక్కడ దాచుకుని, పోయాక మళ్లీ అక్కణ్నుంచే మొదలెట్టడం. ఏ తుపాకీ ముందు కాలుస్తుంది, అప్పుడు మీరెక్కడుండాలి, ఫోర్స్ ముందుండాలా వెనకుండాలా, ఈ మూడే కాగితం మీద రాసుకోండి. ఇంకోటి, బటన్ పట్టి వదిలితే వచ్చే పెద్ద దెబ్బ, అదే బీమ్, దానికోసం బటన్ నొక్కి పట్టినంతసేపు మామూలు కాల్పులుండవు. చిన్నవి గుంపుగా వస్తున్నప్పుడు బీమ్ నింపుతూ కూచుంటే పోయినట్టే.

కాలర్: లైఫ్‌లు పెంచొచ్చా?

నిపుణుడు: పాత ఆర్కేడ్ గేముల్ని కంప్యూటర్ మీద నడిపే మేమ్ ఎమ్యులేటర్‌లో టాబ్ నొక్కి డిప్ స్విచ్‌ల మెనూలోకి వెళ్లండి. ఆర్కేడ్ యజమానులు లైఫ్‌లు మార్చుకున్నదీ బోర్డు మీదున్న ఆ స్విచ్‌లతోనే, అందుకని అది దొంగాట కాదు. 2009లో వచ్చిన ఆర్-టైప్ డైమెన్షన్స్‌లో అయితే లైఫ్‌లు అయిపోని మోడ్ కూడా ఉంది.

యాంకర్: విజయవాడ నుంచి ఇంకొకరు.

కాలర్: అండీ, నాది గ్రేడియస్ అనే ఇంకో అంతరిక్ష షూటర్. బాగా ఆడుతూ ఉంటాను, ఒక్కసారి పోయానంటే ఇక లేవలేను. దీన్ని కూడా న్యాయమే అంటారా?

నిపుణుడు: అనను. ఈ గేమ్ మీద వచ్చే విమర్శల్లో గట్టిది ఇదే. లెక్క వేసి చూద్దాం. కింద పట్టీలో ఆరు గళ్లు: స్పీడ్, మిసైల్, డబుల్, లేజర్, ఆప్షన్, షీల్డ్. ఒక ఎర్ర కాప్సూల్‌కి ఒక గడి జరుగుతుంది, కావాల్సిన గడి దగ్గర బటన్ నొక్కితే అది వస్తుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆప్షన్ అంటే నౌక వెంటే వచ్చి తానూ కాల్చే గోళం. రెండు స్పీడ్‌లకి 2, మిసైల్‌కి 2, లేజర్‌కి 4, ఒక్క ఆప్షన్‌కి 5. మొత్తం 13 కాప్సూళ్లు. ఆర్కేడ్‌లో నాలుగు ఆప్షన్లూ, షీల్డూ కావాలంటే 34. చచ్చాక చేతిలో ఏమీ ఉండదు, పైగా నత్తనడక నౌక. ఎదుట మాత్రం పూర్తి ఆయుధాలున్నవాడికని పెట్టిన శత్రువులు!

యాంకర్: మరి ఏం చెయ్యాలి?

నిపుణుడు: ముందు స్పీడ్ ఒకటో రెండో, అంతకు మించొద్దు. మూడు దాటితే ఇరుకు దారుల్లో నౌక గోడకు కొట్టుకుంటుంది. తర్వాత మిసైల్ జోలికి పోకుండా ఆప్షన్‌కి దాచుకోండి, కాల్పులు రెట్టింపవుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, చెక్‌పాయింట్ నుంచి, అంటే చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు నుంచి, ఖాళీ నౌకతోనే సాధన చెయ్యండి. అందరూ పూర్తి ఆయుధాలతో సాధన చేస్తారు, చచ్చాక కొత్త గేమ్ ఆడుతున్నట్టు ఉంటుంది. ఫామికామ్ అనే నింటెండో ఇంటి మెషీన్‌కి 1986లో వచ్చిన వెర్షన్ అయితే పాజ్‌లో పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ నొక్కితే చాలా ఆయుధాలు ఒక్కసారే వచ్చేస్తాయి. అదే కోడ్ ఉన్న కాంట్రా గేమ్ ఆడినవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు.

యాంకర్: చివరి కాల్, డాలస్ నుంచి.

కాలర్: నేను నొక్కాక నౌక కాస్త ఆగి కదులుతోందండీ. చేతకాక చస్తున్నానా అని అనుమానం.

నిపుణుడు: మీ చేతుల్ని తిట్టుకునే ముందు టీవీని చూడండి. ఈ గేములు సెకనుకి సుమారు 55 నుంచి 60 ఫ్రేములు, అంటే అన్ని బొమ్మలు, చూపిస్తాయి. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ 100 మిల్లీసెకన్లు తింటే దాదాపు ఆరు ఫ్రేములు ఆలస్యం. తూటా మీదికొచ్చాక మీ నౌక పక్కకి జరుగుతుంది. పాత గాజు టీవీల మీద ఈ బెడద లేదు. ఇవాళ "అన్యాయం" అనేవాళ్లలో ఎంతమంది ఇలాంటి తెర మీద ఆడి తీర్పు చెబుతున్నారో!

కాలర్: దీనికి మార్గం?

నిపుణుడు: టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, కదలికని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. తర్వాత, పాత గేముల్ని నడిపే రెట్రోఆర్క్ సాఫ్ట్‌వేర్‌లో గేమ్ నడుస్తుండగా కీబోర్డు మీద పి నొక్కి ఆపండి. దిశ బటన్ పట్టుకునే, ఒక్కో ఫ్రేము ముందుకు జరిపే కె నొక్కుతూ ఫ్రేములు లెక్కపెట్టండి. మూడో నొక్కుకి నౌక కదిలితే లేటెన్సీ మెనూలో, ఆ ఆలస్యాన్ని తగ్గించే రన్-అహెడ్‌ని 2 పెట్టాలి, అంటే లెక్కకి ఒకటి తక్కువ. ఎక్కువ పెడితే నౌక గెంతుతున్నట్టు కనిపిస్తుంది, అప్పుడు ఒకటి తగ్గించండి. ఈ లెక్క ప్రతి గేమ్‌కీ విడిగా చెయ్యాలి.