కిరాయి ఇంట్ల ఉన్నోళ్లకు సాయం ఏ కాగితం మీద వస్తది?

అందరికీ నమస్కారం అండి. ఇవాళ కిరాయి ఇండ్ల సంగతి మాట్లాడుకుందాం. హైదరాబాద్ కిరాయిల గురించి పేపర్లల్ల రోజూ వస్తనే ఉంటది, అది పక్కన పెడుదాం. మన హనుమకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ఒక ఆటో నడిపేటాయన, బట్టల షాపుల నిలబడి పనిచేసే అమ్మాయి, ఎంజీఎం దవాఖాన ముందట బండి మీద టిఫిన్లు అమ్మేటోళ్లు, వీళ్లంత నెలనెలా కిరాయి ఎట్ల ఎల్లదీస్తున్నరు, వీళ్లకు సర్కారు నుంచి ఏమన్న ఆసరా ఉన్నదా లేదా అనేది చూద్దాం.

"సర్కారు ఎవరి ఇంటి కిరాయి కడుతదండీ" అంటరు చానామంది. కడుతది, బాగనే కడుతది. హెచ్ఆర్ఏ అని వింటం కదా, సర్కారు నౌకరోళ్లకు జీతంతోని కలిపి ఇచ్చే ఇంటి కిరాయి భత్యం, అదేంది మరి, కిరాయి సాయమే కదా. ఏడో వేతన సంఘం లెక్కల దేశంల ఊర్లను ఎక్స్, వై, జెడ్ అని మూడు రకాలు చేసిన్రు, వరంగల్ వై కింద ఉన్నది, 2024 జనవరి నుంచి వై ఊర్లల్ల బేసిక్ జీతం మీద 20 శాతం ఇస్తున్నరు. అంటే కేంద్ర ప్రభుత్వంల అందరికంటే తక్కువ బేసిక్, 18,000, ఉన్నాయనకు కూడా క్వార్టర్ ఇయ్యకపోతే నెలకు 3,600 కిరాయి పైసలు వస్తయి. మంచిదే, వాళ్లకు రావద్దని నేను అంటలేను. కానీ అదే ఆఫీసుల పొద్దున్నే వచ్చి ఊడ్చి తుడిచేటామె ఏజెన్సీ కింద పనిచేస్తది, ఆమెకు ఈ 20 శాతం లెక్క వర్తించదు, ఇద్దరూ ఒకే గల్లీల ఉండొచ్చు, ఓనర్ ఇద్దరి దగ్గర ఒకటే కిరాయి తీసుకుంటుండొచ్చు. ఉద్యోగం కాగితం ఉన్నోళ్లకు కిరాయి సాయం ఉన్నది, లేనోళ్లకు లేదు, అంతే.

మరి ఇండ్ల స్కీములు ఉన్నయి కదా అంటరు. ఉన్నయి. 2015ల డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు మొదలైనయి, 560 చదరపు అడుగులు, పైసా కట్టేది లేదు, కానీ అడిగినోళ్లు ఎంతమంది, వచ్చినోళ్లు ఎంతమంది మీకు తెల్వంది కాదు. 2024 మార్చిల భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలుపెట్టిన్రు, 5 లక్షలు ఇస్తరు, అయితే మొదటి విడత సొంత జాగ ఉన్నోళ్లకే. పది పన్నెండేండ్ల సంది కిరాయికి ఉంటున్నోళ్లకు జాగ ఎక్కడిది చెప్పండి? ఈడ జాగ కాగితం కావాలె.

నిజంగ కిరాయోళ్ల దాకా చేరింది ఒకటున్నది, అది కిరాయి పేరు మీద రాలే, కరెంటు పేరు మీద వచ్చింది. గృహజ్యోతి. 2024ల మొదలైంది, నెలకు 200 యూనిట్ల లోపు కాలిస్తే జీరో బిల్లు. మీటర్ ఓనర్ పేరు మీద ఉన్నా సరే, కిరాయికి ఉన్నోళ్ల తెల్ల రేషన్ కార్డును ఆ సర్వీసు నెంబరుకు కలుపుకోవచ్చు. ఇంటి పట్టా అడగలే, ఓనర్ దయ అడగలే, చేతుల ఉన్న రేషన్ కార్డు అడిగిన్రు, అందుకే అది చేరింది అని నా లెక్క.

అయితే అండ్ల కూడా ఒక తిరకాసు ఉన్నది, జర వినండి. మన దగ్గర పాత ఇండ్లల్ల ఒక్క మీటర్ మీద మూడు పోర్షన్లు, పైన ఒక రేకుల రూమ్ ఉంటయి. కిందికెళ్లి వైరు గుంజి పోర్షన్‌కు ఒక సబ్‌మీటర్ పెడుతరు, ఓ చిన్న డబ్బా, తలుపు పక్కకే ఉంటది. నెలాఖరుకు ఓనర్ వచ్చి అండ్ల నెంబరు చూసుకొని, నోటుబుక్కుల రాసుకొని, యూనిట్‌కు ఎనిమిదో పదో లెక్కగట్టి చేతుల పెడుతడు. మెయిన్ మీటర్ల నాలుగు కుటుంబాల వాడకం కలిసి 200 ఎప్పుడో దాటిపోతది, దాటితే మొత్తం బిల్లు కట్టుడే. కింద పోర్షనామె ఫ్రిజ్ లేకుండ, రెండు ఫ్యాన్లు రెండు లైట్లతోని బతుకుతది, ఆమె వాడింది 60 యూనిట్లే ఉంటది, సపరేటు మీటర్ ఉంటే ఆమెకు సున్నా బిల్లు, లేదు కాబట్టి ఐదారు వందలు. ఇగ మే నెలల రేకుల రూమ్ల కూలర్ లేకుండ ఉండుడు ఎట్లనో ఆ రూమ్ల ఉన్నోళ్లనే అడగాలె.

ఇగ పైసలతోని తీరని సంగతులు ఇంకొన్ని ఉన్నయి. టు-లెట్ బోర్డు చూసి బెల్ కొడితే కిరాయి ఎంతనో చెప్పకముందే "మీరేమోళ్లు?" అంటరు. కొన్నిచోట్ల బోర్డు మీదనే వెజిటేరియన్స్ ఓన్లీ అని రాసి పెడుతరు, అడిగే పని కూడా లేకుండ. అంతకంటే ఘోరం ఒకటి ఉన్నది, మన దిక్కు అందరికీ తెలుసు, ఎవరూ బయటికి మాట్లాడరు. కిరాయింట్ల మనిషి చనిపోతే శవాన్ని ఇంట్లకు తేనియ్యరు. మూడు గంటల రాత్రి హాస్పిటల్ నుంచి అంబులెన్సుల తీసుకొస్తే గేటు కాడ ఆపుతరు, ఇల్లు మైలపడతదని, మళ్ల ఎవరూ కిరాయికి రారని. రోడ్డు మీద టెంట్ వేసుకొని ఏడ్చిన కుటుంబాల వార్తలు మీరు కూడా చదివే ఉంటరు. నెలనెలా కిరాయి టైముకు కట్టినోళ్లే వాళ్లు. కార్పొరేషన్ వాళ్లు డివిజన్‌కు ఒక చిన్న హాలు, నీళ్లు, ఒక ఫ్రీజర్ పెట్టిస్తే ఎంత ఖర్చు అయితదండి? దీన్ని కూడా కిరాయి సాయం కిందనే లెక్కగడత నేను.

చట్టం లేదా అంటే ఉన్నది. 1960 నాటి ఇండ్ల కిరాయి చట్టమే ఇప్పటికీ తెలంగాణల నడుస్తున్నది. న్యాయమైన కిరాయి ఎంతనో తేల్చమని రెంట్ కంట్రోలర్, అంటే కిరాయి తగాదాలు తేల్చేటాయన, దగ్గరికి పోవచ్చు, కిరాయి కట్టినప్పుడు రసీదు అడగొచ్చు, అడిగితే ఇయ్యాలె. అయితే 2005ల దానికి సవరణ తెచ్చి, కార్పొరేషన్ ఊర్లల్ల నెలకు 3,500 మించిన కిరాయి, మిగతా చోట్ల 2,000 మించిన కిరాయి ఈ చట్టం కిందికి రాదన్నరు, కట్టి 15 ఏండ్లు కాని ఇల్లు కూడా రాదన్నరు. ఇయాల హనుమకొండల 3,500కు మంచి పోర్షన్ దొరికితే నాకు కూడా చెప్పండి. కేంద్రం 2021 జూన్‌ల ఒక మాడల్ చట్టం పంపింది, అండ్ల ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించొద్దన్నరు, కానీ అది రాష్ట్రాలు తెచ్చుకుంటేనే. ఆంధ్రప్రదేశ్ వాళ్లు 2017లనే తమకంటూ కొత్త చట్టం చేసుకున్నరు.

ఓనర్లందరూ చెడ్డోళ్లు అని నేను అంటలేను, రిటైరై రెండు పోర్షన్ల కిరాయి మీదనే మందులు కొనుక్కునేటోళ్లు ఎంతమంది లేరు. కిరాయోడు ఖాళీ చెయ్యకపోతే కోర్టుల చుట్టు ఎన్నేండ్లు తిరగాలె అని భయపడి తాళమేసి పెట్టుకునేటోళ్లు కూడా ఉన్నరు. 2011 జనగణనల దేశంల పట్టణాలల్ల 1.11 కోట్ల ఇండ్లు ఖాళీగ ఉన్నయని తేలింది, ఒక దిక్కు ఇండ్లు లేక జనం, ఇంకో దిక్కు జనం లేక ఇండ్లు.

2020ల లాక్‌డౌన్ల కూలోళ్లు నడిచి పోయినంక కేంద్రానికి కిరాయి ఇండ్లు యాదికొచ్చినయి. ఖాళీగ పడి ఉన్న సర్కారు ఫ్లాట్లను కిరాయికియ్యాలని స్కీమ్ పెట్టిన్రు, చండీగఢ్, సూరత్ లాంటి చోట్ల కొన్ని ఇచ్చిన్రు. 2024ల వచ్చిన పీఎం ఆవాస్ రెండో విడతల నాలుగు రకాలల్ల ఒకటి కిరాయి ఇండ్లే. మన కార్పొరేషన్ దీన్ని అడిగి తెచ్చుకుంటే బాగుండు, కానీ ఒక్క షరతు, ఊరవతల పొలాలల్ల కట్టొద్దు. కిరాయిల మిగిలింది మొత్తం ఆటోలకే పోతది. మార్కెట్ దగ్గర, బస్టాండ్ దగ్గర, ఎంజీఎం దగ్గర చిన్న చిన్న రూములైనా సరే.

అమెరికాల సెక్షన్ ఎయిట్ అని 1974 నుంచి ఉన్నది, కిరాయికుండేటాయన తన ఆమ్దానిల ఇంచుమించు 30 శాతం కడుతడు, మిగతాది సర్కారే సీదా ఓనర్‌కు కడుతది. వినడానికి మస్తుగ ఉంటది గానీ అర్హులైన నలుగురిల సుమారు ఒక్కరికే దొరుకుతది, ఏండ్ల తరబడి వెయిటింగ్ లిస్టు, దొరికినంక కూడా చానా రాష్ట్రాలల్ల ఓనర్ వద్దంటే వద్దే. అక్కడ చిన్న ఊర్లల్ల కూడా ఇదే గోస.

అందుకని అప్పటిదాక కిరాయికి ఉన్నోళ్లు చేసుకునే పనులు రెండు మూడు చెప్త. అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాసుకుంటరు, అదైనా సరే, మీ కాపీ మీరు దగ్గర పెట్టుకోండి. కిరాయి ఫోన్ పే, గూగుల్ పేల పంపండి, చేతికిస్తే రసీదు అడగండి, అడ్వాన్స్ ఎంతిచ్చిన్రో, పెయింటింగ్‌కు ఎంత కోస్తరో ముందే రాయించుకోండి. ఇల్లు మారినప్పుడు మీ రేషన్ కార్డు పాత సర్వీసు నెంబరు మీదనే ఉండిపోయిందేమో చూసుకోండి, మున్సిపల్ ఆఫీసుల ప్రజాపాలన సేవా కేంద్రంల అడిగితే చెప్తరు. సపరేటు మీటర్ కోసం ఓనర్‌తోని ఒకసారి కూర్చొని మాట్లాడండి, ఖర్చు సగం సగం పెట్టుకున్నా కొన్ని నెలలల్ల ఎల్లిపోతది.